కుండ ఉంటే కుమ్మరి ఉండాలా?

✦ వేదాన్ని ప్రాణంగా చూసుకున్న కుమారిల భట్టు సృష్టికర్తను మాత్రం ఒప్పుకోలేదు. ఆయన మీమాంసకుడు. మీమాంసకులకు వేదం ఎవరూ రాయనిది, లోకం ఎప్పుడూ ఉన్నదే. శ్లోకవార్తికంలో ఆయన సూటిగానే అడిగాడు: దయతో సృష్టించాడంటే, సృష్టికి ముందు దయ చూపడానికి ఎవరున్నారు? దయే కారణమైతే ఇన్ని కష్టాలెందుకు పెట్టాడు?

✦ కుండకు కుమ్మరి ఉన్నట్టే భూమికీ, మొలకకూ కర్త ఉండి తీరాలన్నది నైయాయికుల, అంటే న్యాయశాస్త్రాన్ని అనుసరించే తార్కికుల వాదం. ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు, దానికి తానే రాసుకున్న ‘దీపిక’ వ్యాఖ్యలో దీన్ని చేర్చాడు. ఆయన తెలుగువాడని పండితుల మాట.

✦ బౌద్ధుడైన ధర్మకీర్తి ఈ కుమ్మరి వాదాన్ని ఒక్క పోటుతో పొడిచాడు. మట్టితో అయినదల్లా కుమ్మరి పనే అయితే, చెదపుట్టను కూడా కుమ్మరే కట్టాడనాలి కదా!

✦ మిథిలకు చెందిన నైయాయికుడు ఉదయనాచార్యుడు సుమారు వెయ్యేళ్ల కిందట ‘న్యాయకుసుమాంజలి’ రాశాడు. పూరీలో గుడి తలుపులు మూసి ఉంటే, బౌద్ధులు వాదానికొచ్చినప్పుడు నీ ఉనికి నా చేతిలోనే ఉంటుంది సుమా అని జగన్నాథుణ్ని దెప్పాడని ఒక కథ. కథ నిజమో కాదో గానీ, ఆయన వాదాల్లో ఒకటి మాత్రం అబ్బురం. న్యాయవైశేషికుల లెక్కలో ‘రెండు’ అనే సంఖ్య వస్తువుల్లో తనంతట తాను ఉండదు. ఇదొకటి, అదొకటి అని ఎవరో ఎంచితేనే పుడుతుంది. రెండు పరమాణువులు కలిసిన ద్వ్యణుకానికి పరిమాణం ఆ సంఖ్య వల్లే వస్తుంది. సృష్టి మొదట్లో మనుషులు లేరు. ఉన్నా పరమాణువులు కంటికి ఆనవు. మరి ఎంచిందెవరు? ఈశ్వరుడే అంటాడు ఉదయనుడు. ఒప్పుకోకపోయినా ఆ బుర్రకు దండం పెట్టాల్సిందే.

✦ చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఊహించడమే చెల్లదన్నది చార్వాకుల మాట. వారికి దగ్గరివాడైన జయరాశి భట్టు ఏ ప్రమాణాన్నీ, అంటే తెలుసుకునే ఏ మార్గాన్నీ, నిలవనివ్వలేదు. ఆయన ‘తత్త్వోపప్లవసింహం’ 1940లో గానీ అచ్చు కాలేదు.

✦ అన్నిటికంటే వింత రామానుజులది. అంతటి విష్ణుభక్తుడై ఉండీ ‘శ్రీభాష్యం’లో నైయాయికుల తర్కాన్ని ఆయనే చీల్చి చెండాడారు. మేడనూ రథాన్నీ పలువురు కలిసి చేస్తారు, అలాగే లోకాన్నీ పలువురు చేసి ఉండొచ్చు కదా అన్నారు. దేవుణ్ని తెలుసుకోవడానికి శాస్త్రమే, అంటే వేదమే దిక్కు, తర్కం చాలదన్నది ఆయన తీర్పు. ‘శాస్త్రయోనిత్వాత్’ అనే బ్రహ్మసూత్రం కింద ఈ వాదమంతా ఉంది. ఆస్తికులైనా నాస్తికులైనా ఒకసారి చదివి చూడండి.