ట్రాఫిక్‌లోనే బండి హీటెక్కుతోందా? ఇంజిన్ విప్పే ముందు ఫ్యాన్ చూడండి

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, హైవే మీద టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే పైకి పోతోంది. మెకానిక్ హెడ్ విప్పాలంటున్నాడు. విప్పించమంటావా?"

ఆగు తమ్ముడూ అన్నాను. సగం జవాబు నీ మాటల్లోనే ఉంది.

బండి స్పీడ్‌లో ఉంటే ఎదురుగాలి రేడియేటర్‌లోంచి వెళ్లి కూలెంట్ వేడిని లాగేస్తుంది. బండి ఆగితే ఆ గాలి కూడా ఆగిపోతుంది. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది కదా? అప్పుడు గాలి లాగాల్సింది ఫ్యానే. అందుకే రోడ్డు మీద బాగుండి, ఆగితే హీటెక్కితే మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. హైవే మీద కూడా హీటెక్కితే కూలెంట్ లీకు, థర్మోస్టాట్, వాటర్ పంప్, మూసుకుపోయిన రేడియేటర్... ఆ లెక్క వేరు.

ఫ్యాన్‌కి ఆన్ అవ్వమని ఎవరు చెప్తారు? కూలెంట్‌లో ఒక సెన్సర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈసీయూ అది చూసి, చాలా బళ్లలో 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడో, రిలేని ఆన్ చేస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలే దాటి మోటార్‌కి 12 వోల్టుల కరెంటు వస్తుంది. అంతే. ఈ గొలుసులో ఏ లింకు తెగినా ఫ్యాన్ తిరగదు.

ఇప్పుడు చెకింగ్. ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. రెండు, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపేసినా అది సడన్‌గా తిరుగుతుంది.

బండి పూర్తిగా చల్లారాక కూలెంట్ లెవెల్ చూడండి. కూలెంట్ బాగా తగ్గితే సెన్సర్ గాల్లో ఉండిపోయి, అసలు వేడి తెలియక ఫ్యాన్‌ని పిలవదు.

తర్వాత స్టార్ట్ చేసి ఏసీ వెయ్యండి. చాలా బళ్లలో ఏసీతో పాటే ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటార్ బాగుందన్నమాట. సెన్సర్, దాని వైరు చూపించండి. రెండు ఫ్యాన్లు ఉన్న బండైతే ఏది తిరుగుతోందో గమనించండి.

ఏసీకి కూడా తిరగలేదా? బండి ఆపి ఫ్యూజ్ చూడండి. కాలిపోతే అదే ఆంపియర్‌ది వెయ్యండి. మళ్లీ కాలితే మోటార్ జామ్ అయ్యుండొచ్చు, లేదా వైరు షార్ట్ అయ్యుండొచ్చు. పెద్ద ఫ్యూజ్ వేస్తే వైరింగే కాలిపోతుంది, ఆ పని చెయ్యొద్దు. ఫ్యూజ్ బాగుంటే, అదే నంబరున్న హారన్ రిలే ఉంటే తీసి ఫ్యాన్ రిలే స్థానంలో పెట్టి చూడండి.

అప్పటికీ కదల్లేదంటే మెకానిక్ దగ్గర మోటార్ సాకెట్‌కి టెస్ట్ ల్యాంప్ పెట్టించండి. లైటు వెలిగినా ఫ్యాన్ తిరగకపోతే మోటార్ పోయింది. వెలగకపోతే తప్పు వైరింగ్‌లోనో, ఎర్త్‌లోనో ఉంది. ఫ్యాన్‌కే కంట్రోల్ మాడ్యూల్ ఉన్న కొత్త బళ్లలో ఈ లెక్క కుదరదు, వాటికి స్కానర్ పెట్టాల్సిందే.

కొందరు ఫ్యాన్‌ని స్విచ్‌తో డైరెక్ట్ చేసేస్తారు. ఇంటికి చేరడానికి ఓకే. అలాగే వదిలేస్తే, ఏదో ఒక రోజు స్విచ్ వెయ్యడం మర్చిపోతారు. అల్యూమినియం హెడ్ వంగిపోయి గ్యాస్కెట్ కొట్టేస్తుంది. రిలే ఖర్చు వందల్లో, హెడ్ పని వేలల్లో.

మన తమ్ముడు ఫోన్‌లోనే ఏసీ వేశాడు, ఫ్యాన్ తిరగలేదు. ఫ్యూజ్ బాగుంది. హారన్ రిలే మార్చి మళ్లీ స్టార్ట్ చేసి ఏసీ వేశాడు. ఫ్యాన్ గిర్రున తిరిగిన చప్పుడు నాకూ వినిపించింది. హెడ్ విప్పే పని తప్పింది.

ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్తే మాత్రం ఏ చెకింగూ వద్దు. పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యండి. మళ్లీ కలుద్దాం.