చెప్పుడు మాటలు

నెల్లూరునుండి గూడూరుకు పోయే దారిలో, రైలుమార్గానికీ జాతీయ రహదారికీ ప్రక్కగా, మనుబోలు అనే ఊరున్నది. అటువంటి ఊరి బడిలో తెలుగు పండితులొకరు 'మిత్రభేదము' పాఠం చెబుతున్నారనుకొందాము. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది 1853లో. ఆనాటినుండి ఎన్ని తరాల పిల్లలు ఆ కథను వల్లెవేసినారో లెక్క చెప్పడం కష్టం. పాఠం ముగియగానే, "ఈ కథవలన నీవు గ్రహించిన నీతి యేమి?" అనే ప్రశ్న వస్తుంది. "దుష్టులతో స్నేహము చేయరాదు" అని పిల్లవాడు వ్రాస్తాడు. మార్కులు పడతాయి. పండితులు తరువాతి పాఠానికి పోతారు.

అసలు చిక్కు అక్కడనే ఉన్నది. దుష్టుడెవడో ఎద్దుకు ఎట్లా తెలియాలి? దమనకుని నొసట దుష్టుడని వ్రాసి లేదు. పైగా అతడు మాటకారి, నీతిశాస్త్రం చదివినవాడు, ఎవరి దగ్గర ఎట్లా మెలగవలెనో ఎరిగినవాడు. ఎద్దునూ సింహాన్నీ కలిపినవాడు కూడా అతడే. కీడు చేయబోయేవాడు ముందుగా మేలు చేసి వస్తే గుర్తుపట్టడం ఎట్లా అన్న ప్రశ్నకు "దుష్టులతో స్నేహము చేయరాదు" అన్న వాక్యం జవాబు కాదు.

కథను మరొకసారి నెమ్మదిగా చూడవలసి ఉన్నది. వర్ధమానుడనే వర్తకుడు అడవిలో విడిచిపోయిన సంజీవకమనే ఎద్దు పచ్చిక మేసి బలిసి ఒకనాడు రంకె వేసినది. ఆ రంకె విని మృగరాజైన పింగళకము బెదరినది. రాజు బెదరినాడని కనిపెట్టినవాడు దమనకుడు. అతని నేర్పంతా అక్కడనే ఉన్నది. ఎదుటివాని భయం ఎక్కడున్నదో చూచి, అక్కడనే చేయి వేస్తాడు. ఎద్దును తెచ్చి చెలిమి చేయించి ఆ భయం తీర్చినాడు. దానితో అతని మాటకు చెల్లుబడి వచ్చినది. ఆ చెలిమి ముదిరి తనకు పని లేకుండా పోయినప్పుడు, సింహం దగ్గరకు పోయి, ఎద్దు నీ రాజ్యంమీద కన్ను వేసినదన్నాడు. ఎద్దు దగ్గరకు పోయి, సింహం నిన్ను చంపదలచినదన్నాడు. రెండు మాటలూ ఏకాంతంలోనే చెప్పినాడు.

ఆ తరువాత సింహమూ ఎద్దూ ఎదురుపడినప్పుడు ఇద్దరి ముఖాలలోనూ మునుపటి కళ లేదు. ఎద్దు జంకుతూ వచ్చినది; ఆ జంకు సింహానికి ద్రోహచింతగా కనిపించినది. సింహం కన్నులెర్రజేసినది, ఆ ఎరుపు ఎద్దుకు హత్యాచింతగా తోచినది. దమనకుడు నాటిన భయమే దమనకుని మాటకు సాక్ష్యం పలికినది. మోసగాని పనిలో ఇంతకంటె సూక్ష్మమైన ఘట్టం లేదు. "నన్ను గురించి నీవిట్లా తలచినావట, నిజమేనా?" అని ఇద్దరిలో ఏ ఒక్కరు అడిగినా కథ అక్కడితో నిలిచిపోయేది. అడుగలేదు. అడుగకుండా ఉండేటట్లు చూడడమే దమనకుని మంత్రాంగం.

ఇట్టి మాటలకు తెలుగువారు ఏనాడో పేరు పెట్టుకొన్నారు: చెప్పుడు మాటలు. చెప్పుడు మాట అబద్ధమే కానక్కరలేదు. సగం నిజమైనది మరీ ప్రమాదకరం. దానిని పట్టియిచ్చేది అందులోని విషయం కాదు, చెప్పే తీరు. "నీ మేలు కోరి చెబుతున్నాను" అని మొదలవుతుంది. "ఎవరితోనూ అనబోకు" అన్న కట్టడితో ముగుస్తుంది. ఆలోచించుకొనేందుకు వ్యవధి ఉండదు. ఈ లక్షణాలన్నీ ఒక్కచోట కనిపించినప్పుడు చెప్పేవాడు ఎంతటి ఆప్తుడైనా సరే, ఒక గడియ ఆగవలసినదే. తల్లిదండ్రులు కూడా ఒక్కొక్కప్పుడు "ఎవరితోనూ చెప్పవద్దు" అంటారు గదా అని పిల్లలు అడిగితే, అది మంచి ప్రశ్న. ఆ రహస్యం బయటపడితే ఎవరికి నష్టం, విన్నవారికా చెప్పినవారికా అని తిరిగి అడుగవచ్చును.

దమనకుడు అడవిలోనే ఉండిపోలేదు. ఇటీవలి సంవత్సరాలలో 'డిజిటల్ అరెస్టు' అనే మోసం దేశమంతటా వ్యాపించినది. ఫోను మ్రోగుతుంది. మీ పేర వచ్చిన పార్శిలులో మాదకద్రవ్యాలు దొరికినవని, లేదా మీ బ్యాంకు ఖాతా దొంగసొమ్ముకు వాడబడినదని ఒక గొంతు చెబుతుంది. వెంటనే తెరమీద పోలీసు దుస్తులు ధరించిన మనిషి ప్రత్యక్షమవుతాడు. కెమెరా ముందునుండి కదలరాదు, ఇంటివారితోనైనా చెప్పరాదు, పరిశీలన నిమిత్తం సొమ్ము ఫలానా ఖాతాకు పంపవలెను. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో ఈ మోసాన్ని గురించి ప్రజలను హెచ్చరించినారు. ఇట్టి అరెస్టు మన చట్టాలలో ఎక్కడా లేదు. ప్రక్కగదిలో ఉన్న భార్యతోనో కొడుకుతోనో ఒక్కమాట చెప్పినా, ఫోను పెట్టివేసి 1930 అనే నంబరుకు పిలిచినా మోసం తేలిపోతుంది. అందుకే ఆ ఒక్కమాట చెప్పనీయరు.

ఈ వలలో పడినవారిలో వైద్యులున్నారు, ఆచార్యులున్నారు, పదవీవిరమణ చేసిన అధికారులున్నారు. పట్టాలున్నవారిని పట్టాలు కాపాడలేదు. ఒకవిధంగా చట్టానికి భయపడే చదువరి వీరికి సులువైన వేట, పొలంలో పనిచేసే మనిషి, "నా పేర పార్శిలు ఎవరు పంపుతారు నాయనా?" అని నవ్వి ఊరకుంటాడేమో! చదువు వేరు, ఆలోచన వేరు అని చేతులు దులుపుకొనే ముందు, ఆ రెండూ ఒక్కచోట కలిసిన ఉదాహరణ ఒకటి చూడవలసి ఉన్నది. అది నెల్లూరు జిల్లాలోనే ఉన్నది.

మనుబోలు జిల్లాకు దక్షిణాన ఉంటే, కలిగిరి వాయవ్యంగా మెట్టప్రాంతంలో ఉన్నది. ఆ మండలంలోని పల్లె దూబగుంట. 1990 తరువాత జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు పల్లెపల్లెకూ కళాజాతాలు వచ్చినవి, రాత్రి బడులు వెలసినవి. పగలంతా కూలికి పోయి వచ్చిన స్త్రీలు దీపం ముందు పలకలు పట్టి కూర్చున్నారు. వారి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉన్నది. అది సారావల్ల చెడిన కాపురం కథ, దానికి ఎదురుతిరిగిన ఇల్లాలి కథ.

సారా కాంట్రాక్టరు ఎవరి గొంతులోనూ బలవంతంగా పోయలేదు. అతనికి ఆ అవసరం రాలేదు. 1980లలో 'వారుణివాహిని' పేర ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పంపిణీ చేయించిన తరువాత సరుకు దుకాణం దాటి వీధిలోకి, వీధినుండి వాకిట్లోకి వచ్చినది. చేతిలో డబ్బు లేనివానికి అప్పు దొరికినది. కొన్నిచోట్ల కూలిలో కొంత భాగం సారాగానే ముట్టినది. ఒళ్ళునొప్పులు పోతాయి, అలసట తీరుతుంది అన్నారు. దీనికి పెద్ద వాదమొకటి తోడైనది: సారా ఆదాయం లేకపోతే బీదలకు మేలుచేసే పథకాలు నడిచేదెట్లా అని. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఇళ్ళలో అన్నం వండించినదన్న మాట నిజమే. సగం నిజం గనుకనే ఆ వాదానికి బలం వచ్చినది. బియ్యం రూపాన ఇంటికి వచ్చినదెంత, ప్యాకెట్ల రూపాన ఇంటినుండి పోయినదెంత అని కూడి తీసివేసి చూచినవారికి మిగిలినదేమిటో తెలిసినది. ఆ లెక్కకు పెద్ద గణితం అక్కరలేదు, రాత్రి బడి గణితం చాలును.

అయితే అంతకంటె ముఖ్యమైన మార్పు మరొకటి జరిగినది. అంతవరకు ఏ ఇంటి ఇల్లాలు ఆ ఇంటి గోడల మధ్యనే ఏడ్చినది. నా తలవ్రాత ఇంతే అనుకొన్నది. మగనిని గురించి నలుగురిలో చెప్పుకోవడం పరువుతక్కువ. కాంట్రాక్టరుకు ఈ మౌనం కలిసివచ్చినది. సీతమ్మ కథను అందరూ కలిసి పైకి చదివిన రాత్రి ఆ గోడలు పోయినవి. ఇది నా ఒక్కదాని రాత కాదు, ఒకడు మనందరి ఇళ్ళలోనూ చేస్తున్న వ్యాపారం అన్న సంగతి ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నప్పుడు తేటపడినది. సింహమూ ఎద్దూ ఏ ప్రశ్న వేసికోలేదో ఆ ప్రశ్న వీరు వేసికొన్నారు: "మీ ఇంట్లో కూడా ఇంతేనా?"

అక్షరాలవల్లనే అంతా జరిగినదనడం అతిశయోక్తి. బాధ ఏనాటిదో. ఆగ్రహమూ కొత్తది కాదు. పదిమంది ఒకచోట కూర్చుని మాటాడుకొనే అవకాశాన్ని బడి కల్పించినది, అంతే. కాని అది చిన్నపని కాదు.

1991లో దూబగుంట స్త్రీలు ఊళ్ళోకి వచ్చిన కల్లుబండిని ఆపినారు. నష్టం వస్తుందని బండివాడు అంటే, కావలెనంటే తలా ఒక రూపాయి వేసి ఇస్తాము, వెనుకకు పొమ్మన్నారు. సారా ప్యాకెట్లు తెచ్చిన జీపునూ చుట్టుముట్టి వెనుకకు పంపినారు. ఆ సందడిలో ముందు నిలిచిన రోశమ్మ ఆ తరువాత ఊరిపేరుతోనే దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిసినది. 1992లో జిల్లా అంతటా స్త్రీలు కదిలి సారా వేలంపాటలను అడ్డుకొన్నారు; పాటలు వాయిదాపడినవి. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1నుండి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997 దాటలేదు. సారా పోయిన దారిన మరొక పేరుతో మరొక సీసా వచ్చినది. రాబడిని గురించిన పాతవాదమే మళ్ళీ వినవచ్చినది. గెలిచినదెంత, ఓడినదెంత అన్నది వాదించదగిన విషయమే.

ఈ మధ్యలో జరిగిన చిన్నసంగతి ఒకటి ఉపాధ్యాయులు గమనింపదగినది. దూబగుంటలో జరిగినదే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా తరువాతి వాచకంలో చేరినది. ఆ పాఠం చదివి ఇతర పల్లెల స్త్రీలు కదిలినారు. సీతమ్మ కథ కల్పితం. ఈ రెండవ పాఠంలో అయితే ఊరున్నది, బండి ఉన్నది, జీపు ఉన్నది, చూచినవారున్నారు. దమనకుడు చెప్పిన ఏ మాటనూ ఎవరూ పోయి విచారించడానికి వీలులేదు. ఈ పాఠంలోని మాట నిజమో కాదో తేల్చుకోదలచినవారు కలిగిరి బస్సెక్కి, దూబగుంటలో దిగి, ఏ ఇంటి అరుగుమీదనైనా కూర్చుని అడుగవచ్చును.