భాషల చుట్టరికం: ఐర్లండు నుంచి గోదావరి దాకా

1772లో చార్లెస్ వాలన్సీ అనే సైనిక ఇంజనీరు డబ్లిన్‌లో ఒక గ్రంథం ప్రకటించి, ఐరిష్ భాషకూ ప్యూనిక్ భాషకూ, అంటే ఉత్తరాఫ్రికా తీరాన కార్తేజి నగరవాసులు మాట్లాడిన ఫినీషియన్ మాండలికానికీ, దగ్గరి బంధుత్వం ఉందని వాదించారు. రోమన్ రచయిత ప్లాటస్ నాటకంలోని ప్యూనిక్ సంభాషణను ఐరిష్ మాటలతో అర్థం చేసుకోవచ్చన్నది ఆయన నమ్మకం. చెవికి ఒకేలా వినిపించే మాటలను ఏరి పక్కపక్కన పెట్టడమే ఆయన పద్ధతి.

అదే పద్ధతి తెలుగు విషయంలోనూ విద్వాంసులను చాలాకాలం దారి తప్పించింది. రాజమహేంద్రవరంలో భారత రచన ఆరంభించిన నన్నయకు సంప్రదాయం ఆపాదించే ఆంధ్రశబ్దచింతామణి తెలుగుకు వ్యాకరణమే అయినా సంస్కృతంలో ఉంది. కావ్యాలలో తత్సమాలు, అంటే సంస్కృతం నుంచి దాదాపు మార్పు లేకుండా వచ్చిన పదాలు, అడుగడుగునా కనిపిస్తాయి. వాటిని చూసి కోల్‌బ్రూక్, విలియం కేరీ వంటివారు దక్షిణాది భాషలకు సంస్కృతమే మూలమని భావించారు.

1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణపు పీఠికకు అనుబంధంగా ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన వ్యాసం ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో ప్రధాన పండితుడైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికను, అంటే క్రియల మూలరూపాల జాబితాను, ఆధారం చేసుకుని ఎల్లిస్ తెలుగు ధాతువులను ముందు సంస్కృతంతోనూ, తర్వాత తమిళ కన్నడాలతోనూ పోల్చి చూపారు. మచిలీపట్నం వాసి మామిడి వెంకయ్య నిఘంటువు ఆంధ్రదీపిక పీఠికను కూడా ఉపయోగించుకున్నారు. ఈ నిరూపణకు పునాది తెలుగు పండితుల శ్రమేనన్న సంగతి చరిత్ర పుస్తకాలలో తగినంతగా కనిపించదు.

చుట్టరికాన్ని తేల్చేది పోలిక కాదు, ధ్వనుల క్రమబద్ధమైన మార్పు. కన్నడంలో కెఱె తెలుగులో చెఱువు, కివి చెవి, కెడు చెడు అయ్యాయి. ఇ, ఎ వంటి అచ్చుల ముందు క కారం తెలుగులో చ కారమవడం ఒక నియమంగా నడిచింది కాబట్టే ఇవి యాదృచ్ఛికం కావని తెలుస్తుంది. ఐరిష్‌కూ ఇదే వర్తిస్తుంది: తండ్రి అనే అర్థంలో ప్రాచీన ఐరిష్ పదం అథిర్, సంస్కృతంలోని పితృ శబ్దం, పైకి పోలకపోయినా, ఐరిష్ చెందిన సెల్టిక్ భాషలలో ప కారం లోపించిందన్న నియమంతో ఒకే మూలానికి చేరతాయి. 1853లో జర్మన్ పండితుడు జోయస్ సెల్టిక్ వ్యాకరణం వెలువరించాక ఫినీషియన్ వాదానికి నిలువ నీడ లేకపోయింది.

ఆ తర్వాత మూడేళ్లకు ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించిన రాబర్ట్ కాల్డ్వెల్ ఐర్లండులోని ఆంట్రిం ప్రాంతంలోనే పుట్టినవారు. కుటుంబ బంధాన్ని శాస్త్రీయంగా స్థిరపరచిన ఆయనే, దాన్ని స్కైథియన్ అనే విశాల వర్గంతో, అంటే ఫిన్నిష్, టర్కిష్, మంగోల్ వంటి భాషలతో, కలపబోయి మళ్లీ పాత సందిగ్ధంలోకి వెళ్లారు. ప్రత్యయాలను వరుసగా అతికించే పద్ధతి ఆ భాషలన్నిటిలో ఉన్నా, అలాంటి నిర్మాణ సామ్యం ఒక్కటే బంధుత్వానికి సాక్ష్యం కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1937లో ప్రచురించిన ఆంధ్రభాషా చరిత్రములో చిలుకూరి నారాయణరావు మరోవైపు నుంచి తెలుగు ప్రాకృత జన్యమని వాదించారు. ఆ గ్రంథంలోని పాండిత్యం అపారం, దాని సామగ్రి నేటికీ విలువైనది. నిర్ణయం మాత్రం నిలవలేదు.

అందరూ దూరదేశాలను వెదుకుతుండగా దగ్గరి సాక్షులు గోదావరి ఎగువనే ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి పరిశోధనతో తెలుగును గోండి, కొండ, కువి మొదలైన భాషలతో కలిపి దక్షిణ మధ్య ద్రావిడ శాఖగా గుర్తించారు. చెవికి గోండి మాండలికాలలో నేటికీ క కారంతో మొదలయ్యే మాటే ఉంది. ఆ గోండికి దగ్గరి కోయ భాష చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం ప్రాంతాలలో వినిపిస్తుంది. తెలుగు పోగొట్టుకున్న పాత ధ్వనులు దాచిన ఆ పల్లెలలో అనేకం పోలవరం జలాశయపు ముంపు పరిధిలో ఉన్నాయి కాబట్టి, కుటుంబాలు చెదరకముందే అక్కడి పెద్దల మాటలను నమోదు చేయడం ఈ తరం విశ్వవిద్యాలయాల పని.