సైనిక స్థావరాల మూసివేత - రాష్ట్రాల పరిరక్షణ కృషి: కనెక్టికట్ అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

దేశ రక్షణ కొరకు నెలకొల్పిన సైనిక స్థావరం కాలక్రమంలో ఆ ప్రాంత ప్రజలకు జీవనాధారంగా కూడా రూపొందుతుంది. స్థావరంలో పనిచేసే ఉద్యోగులతోపాటు కాంట్రాక్టర్లు, వర్తకులు, ఇండ్లు అద్దెకిచ్చేవారు, పాఠశాలలు దానిపై ఆధారపడతాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమైన విశాఖపట్నాన్ని ఎరిగినవారికి ఈ అనుబంధాన్ని వేరుగా వివరింపనవసరం లేదు. అటువంటి స్థావరాన్ని మూసివేయాలని దేశ రక్షణ శాఖయే ప్రతిపాదించినపుడు రాష్ట్ర ప్రభుత్వం ఏమి చేయగలదు? అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 2005లో సాగించిన కృషి ఈ ప్రశ్నకు చక్కని సమాధానం.

మూసివేత ప్రక్రియ

అవసరానికి మించిన స్థావరాలను తగ్గించి వ్యయాన్ని ఆదా చేయుటకు అమెరికా ప్రభుత్వం 1988, 1991, 1993, 1995, 2005 సంవత్సరాలలో ఐదు విడతలుగా ఈ ప్రక్రియను చేపట్టింది. రాజకీయ ఒత్తిళ్లకు తావులేకుండా నిర్ణయాలు జరిగేందుకు స్వతంత్ర కమిషన్‌ను ఏర్పాటు చేశారు. 2005లో మాజీ మంత్రి ఆంథొనీ ప్రిన్సిపి అధ్యక్షతన తొమ్మిదిమంది సభ్యులతో కమిషన్ ఏర్పడింది.

రక్షణ శాఖ సమర్పించిన జాబితాను కమిషన్ ఎనిమిది ప్రమాణాల ఆధారంగా పరిశీలిస్తుంది. వీటిలో మొదటి నాలుగు సైనిక ప్రయోజనానికి సంబంధించినవి. మిగిలినవి వ్యయం, స్థానిక ఆర్థిక వ్యవస్థపై ప్రభావం, మౌలిక వసతులు, పర్యావరణానికి సంబంధించినవి. రక్షణ శాఖ ఈ ప్రమాణాల నుంచి గణనీయంగా వైదొలగినదని రుజువైతేనే ఒక స్థావరాన్ని జాబితా నుంచి తొలగించే వీలుంటుంది. తుది జాబితాను అధ్యక్షుడు గానీ, కాంగ్రెస్ గానీ మొత్తంగా ఆమోదించాలి, లేదా మొత్తంగా తిరస్కరించాలి. ఒక్కొక్క పేరును మార్చే అవకాశం లేదు. అందువలన రాష్ట్రాలు తమ వాదనను కమిషన్ ఎదుటనే నిరూపించుకోవలసి ఉంటుంది.

గ్రోటన్‌కు ఎదురైన ముప్పు

థేమ్స్ నదీతీరాన గ్రోటన్‌లో గల న్యూ లండన్ జలాంతర్గామి స్థావరానికి 1868లో 112 ఎకరాల భూమిని విరాళంగా ఇచ్చినది కనెక్టికట్ రాష్ట్రమే. జలాంతర్గాములను నిర్మించే ఎలక్ట్రిక్ బోట్ సంస్థ కూడా అదే నదీతీరంలో ఉన్నది. ప్రపంచంలో తొలి అణు జలాంతర్గామి నాటిలస్ 1954లో అక్కడే జలప్రవేశం చేసింది. జలాంతర్గామి నావికుల శిక్షణ పాఠశాల స్థావరంలోనే నడుస్తున్నది.

2005 మే 13న రక్షణ శాఖ ప్రకటించిన జాబితాలో 33 ప్రధాన స్థావరాల మూసివేత ప్రతిపాదనలు ఉండగా, వాటిలో ఈ స్థావరం ఒకటి. జలాంతర్గాములను వర్జీనియాలోని నార్‌ఫోక్‌కు, జార్జియాలోని కింగ్స్ బేకు, శిక్షణ పాఠశాలను కింగ్స్ బేకు తరలించాలన్నది ప్రతిపాదన. దీనికి సుమారు 68 కోట్ల డాలర్లు ఖర్చు కాగలదని, 20 ఏళ్లలో సుమారు 160 కోట్ల డాలర్లు ఆదా కాగలదని రక్షణ శాఖ అంచనా వేసింది. ప్రత్యక్షంగా, పరోక్షంగా సుమారు 15,800 ఉద్యోగాలు పోతాయని ఆ శాఖయే అంగీకరించగా, ఆ సంఖ్య 31,500 వరకు ఉంటుందని రాష్ట్రం లెక్కగట్టింది.

రాష్ట్రం వినిపించిన వాదన

గవర్నర్ ఎం. జోడీ రెల్, సెనేటర్లు క్రిస్టఫర్ డాడ్, జోసెఫ్ లీబర్‌మన్, ప్రతినిధుల సభ సభ్యుడు రాబ్ సిమన్స్ పార్టీ భేదాలు విడనాడి ఒకే వేదికపై నిలిచారు. జూలై 6న బోస్టన్‌లో జరిగిన బహిరంగ విచారణలో రాష్ట్ర ప్రతినిధి బృందం కమిషన్ ఎదుట వాదన వినిపించింది.

ఉపాధి నష్టం ఎంత బాధాకరమైనదైనా, ప్రమాణాల ప్రకారం అది ఒక్కటే స్థావరాన్ని నిలబెట్టజాలదు. ఈ వాస్తవాన్ని గ్రహించిన రాష్ట్రం సైనిక ప్రయోజనానికే ప్రాధాన్యమిచ్చింది. స్థావరం, శిక్షణ పాఠశాల, నిర్మాణ సంస్థ ఒకేచోట ఉండుట వలన కలిగే మేలును వివరించింది. రక్షణ శాఖ ఖర్చును తక్కువగా, ఆదాను ఎక్కువగా చూపినదని గణాంకాలతో తెలియజేసింది. 1990 నుంచి కాలుష్య ప్రక్షాళన జాతీయ జాబితాలో ఉన్న ఈ స్థలాన్ని శుభ్రపరచుటకయ్యే వ్యయాన్ని కూడా ప్రస్తావించింది. ఒకసారి మూసివేసిన రేవును తిరిగి సమకూర్చుకొనుట సాధ్యం కాదన్నది మరొక ముఖ్యాంశం. జలాంతర్గామి దళంలో పనిచేసిన మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సైతం స్థావరానికి మద్దతుగా కమిషన్‌కు లేఖ వ్రాశారు.

ఆగస్టు 24న కమిషన్ గ్రోటన్ స్థావరాన్ని జాబితా నుంచి తొలగించింది.

ఇతర రాష్ట్రాల అనుభవాలు

కమిషన్‌ను ఆశ్రయించిన ప్రతి ప్రాంతానికీ ఇట్టి ఫలితం దక్కలేదు. మెయిన్ రాష్ట్రంలోని బ్రన్స్‌విక్ నౌకా వైమానిక కేంద్రం స్థాయిని తగ్గించాలని మాత్రమే రక్షణ శాఖ కోరగా, కమిషన్ పూర్తి మూసివేతకే నిర్ణయించింది. న్యూ జెర్సీలోని ఫోర్ట్ మాన్మౌత్ 2011లో మూతపడింది. న్యూ మెక్సికోలోని కానన్ వైమానిక స్థావరానికి కొత్త బాధ్యత వెదకుటకు గడువు లభించగా, అది ప్రత్యేక దళాల స్థావరంగా మారి నిలిచింది. వర్జీనియాలోని ఓషియానా స్థావరం చుట్టూ పెరిగిన నివాసాలను కమిషన్ తీవ్రంగా పరిగణించింది. దాంతో అక్కడి రాష్ట్ర, నగర పాలక యంత్రాంగాలు విమాన ప్రమాదాలకు అవకాశమున్న మండలాలలోని ఆస్తులను కొనుగోలు చేయవలసివచ్చింది.

ముందుచూపు

విజయంతో కనెక్టికట్ ఊరకుండలేదు. 1993 విడతలో కూడా గ్రోటన్ నుంచి జలాంతర్గాములను తరలించే ప్రతిపాదన వచ్చి వీగిపోయిన సంగతి రాష్ట్రానికి గుర్తున్నది. 2007లో సైనిక వ్యవహారాల కార్యాలయాన్ని నెలకొల్పింది. స్థావరంలో వసతుల మెరుగుదలకు 5 కోట్ల డాలర్ల వరకు బాండ్ల ద్వారా నిధులు సమకూర్చుటకు చట్టసభ అనుమతించింది. టెక్సాస్ అంతకుముందే, 2003లో, సైనిక స్థావరాలు గల ప్రాంతాల అభివృద్ధికి 25 కోట్ల డాలర్ల బాండ్లకు ప్రజామోదం పొందినది.

2005 తరువాత రక్షణ శాఖ పలుమార్లు కోరినప్పటికీ మరొక విడతకు కాంగ్రెస్ అనుమతినివ్వలేదు. అయినను జాబితా వెలువడిన పిదప లభించే వ్యవధి కొద్ది నెలలు మాత్రమే. స్థావరం చుట్టూ భూమి వినియోగాన్ని నియంత్రించుట, వసతులను మెరుగుపరచుట, వాస్తవ గణాంకాలను సిద్ధంగా ఉంచుకొనుట ఆ కొద్ది నెలలలో పూర్తయ్యే పనులు కావు. గ్రోటన్‌లో వేలాది కుటుంబాల ఉపాధిని నిలిపినది రాష్ట్రం సమర్పించిన ఆధారాల బలమే. ఆ ఆధారాలను సేకరించి సిద్ధపరచుట ప్రశాంత కాలంలోనే జరగవలసిన పని.