ట్రైనింగ్ బాగుంది సరే, పాఠం మారిందా?

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ప్రతి ట్రైనింగ్ అయ్యాక ఒక ఫారం ఇచ్చేవాళ్లు. ఐదుకి ఎంత ఇస్తారు అని. లంచ్ బాగుంటే ఐదు వేసేసి వచ్చేవాణ్ణి. సోమవారం మళ్లీ పాత పద్ధతిలోనే కోడ్ రాసేవాణ్ణి.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఉంటాయి, ఎక్కువగా రెండేళ్ల కోర్సులు. అక్కడి టీచర్ల ట్రైనింగ్‌లదీ చాలాసార్లు ఇదే కథ. థామస్ గస్కీ అనే ప్రొఫెసర్ 2000లో వచ్చిన పుస్తకంలో ఐదు మెట్లు చెప్పారు: టీచర్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, కాలేజీ సపోర్ట్ చేసిందా, క్లాసులో వాడారా, స్టూడెంట్స్‌కి ఉపయోగపడిందా. మన ఫారం మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది.

నాకైతే మూడోదే అసలు పాయింట్. అక్కడ సగానికి పైగా టీచర్లు పార్ట్‌టైమే. కొందరు రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ పాఠాలు చెప్తారు. కొత్త పద్ధతి నేర్పించి, దానికి ప్రిపేర్ అయ్యే టైముకి డబ్బులివ్వకపోతే, క్లాసులో అది కనపడలేదని టీచర్‌ని అంటే ఎలా?

గస్కీ ఇంకోటి అంటారు, ప్లానింగ్ చివరి మెట్టు నుంచి మొదలుపెట్టమని. బేసిక్ మ్యాథ్స్ మధ్యలో ఎంతమంది మానేస్తున్నారు, ఏ వారంలో మానేస్తున్నారు? ముందు అది చూసి, తర్వాత ట్రైనింగ్ డిజైన్ చెయ్యాలి. కోడ్ కంటే ముందు టెస్ట్ రాసుకుంటాం చూడండి, అలాగన్నమాట.

పాస్ పర్సంటేజ్ పెరిగిందని వెంటనే చప్పట్లు కొట్టకండి. ట్రైనింగ్‌కి వెళ్లని టీచర్ల సెక్షన్లూ చూడండి. అదీ సరిపోదు. ఇష్టపడి వచ్చినవాళ్లు ముందునుంచే బాగా చెప్పేవాళ్లు అయ్యుండొచ్చు, అందుకే వాళ్ల పాత సెమిస్టర్ల రిజల్ట్స్ కూడా పక్కన పెట్టుకోవాలి.