ఎగరమన్నారా, ఆగమన్నారా?

స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే అక్కడి అమ్మాయి ‘గొలుసు, గాజులు, వాచీ అన్నీ రిమూవ్ చేసేయండి’ అంటుంది. ‘టేకాఫ్ చేయండి’ అని మాత్రం అనదు. అంటే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా నవ్వేస్తారు. మనకు టేకాఫ్ అంటే విమానం. ఆ తర్వాత సినిమా. కథ టేకాఫ్ అవడానికే అరగంట పట్టిందని రివ్యూలు రాసుకుంటాం.

ఇంగ్లండ్‌లో పుట్టినవాడికి ఆ మాట విమానం కంటే ముందే పరిచయం. బూట్లు విప్పరా అని తల్లి కసురుకున్నప్పుడే చెవిన పడుతుంది. పెద్దయ్యాక దాంతోనే ఒకరోజు సెలవు పెడతాడు, బిల్లులో కాస్త తగ్గించమంటాడు, చెప్పాపెట్టకుండా ఉడాయిస్తాడు, పై అధికారి నడకను అనుకరించి నలుగురినీ నవ్విస్తాడు, వ్యాపారం పుంజుకుందని మురిసిపోతాడు.

క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థాన్ని ఇలా తిప్పేస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో అచ్చుకెక్కింది. సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. పేరుకు వందేళ్లే కానీ తలనొప్పి అంతకంటే పాతది. పరదేశులకు ఇంగ్లిష్‌లో అన్నిటికంటే కష్టం ఇవేనని 1755లోనే సామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో రాశాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో టేకాఫ్ కూడా ఉంది. అర్థం మాత్రం అనుకరించడమని! విమానం ఊసే లేని రోజులవి మరి.

గైడు తెరిస్తే టేకాఫ్‌కి పర్యాయపదాలుగా రిమూవ్, డిపార్ట్, ఇమిటేట్, డిడక్ట్ కనిపిస్తాయి. అన్నీ లాటిన్ మూలాల నుంచి వచ్చినవే. టేక్ మాత్రం వైకింగులు మోసుకొచ్చిన మాట, ఇళ్లలో బతికిన మాట. మనకు ‘వెళ్లిపోయారు’, ‘నిష్క్రమించారు’ రెండూ ఉన్నాయి కదా. చుట్టాలు భోంచేసి నిష్క్రమించారని ఇంట్లో ఎవరైనా అంటే వెక్కిరిస్తున్నారనే అనుకుంటాం. ఇంగ్లిష్ మనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాబట్టి బరువైన మాటలే ముందు అబ్బాయి. మనం కబుర్లాడినా అర్జీ చదివినట్టుండేది అందుకే.

ఇదంతా మహా అయితే నవ్వులతో పోయే సంగతి. ఒక్కచోట మాత్రం పోలేదు.

1977 మార్చి 27. స్పెయిన్ ఏలుబడిలోని కానరీ దీవుల్లో టెనెరిఫే. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో దారి మళ్లించిన విమానాలతో ఇక్కడి లాస్ రోడియోస్ విమానాశ్రయం కిక్కిరిసిపోయింది. ఉన్నది ఒకటే రన్‌వే, దాని మీద పొగమంచు. ఒక చివర డచ్ సంస్థ కేఎల్ఎం వారి బోయింగ్ 747 లేవడానికి నిలబడింది. అదే రన్‌వే మీద అమెరికా వారి పాన్ యామ్ 747 ఇంకా నెమ్మదిగా నడుస్తోంది. టవర్ కేఎల్ఎంకు చెప్పింది గాల్లోకి లేచాక ఏ దారి పట్టాలో మాత్రమే. లేవమనలేదు. అయితే ఆ దారి చెప్పడంలోనూ ‘టేకాఫ్ తర్వాత’ అన్న ముక్క దొర్లింది. కో పైలట్ అంతా తిరిగి అప్పజెప్పి, చివర్లో ‘ఇప్పుడు టేకాఫ్ దగ్గరున్నాం’ అన్నట్టు ఒక మాట కలిపాడు. లేవడానికి సిద్ధంగా నిలబడ్డారనుకున్నాడు కంట్రోలర్. నిజానికి విమానం అప్పటికే పరుగందుకుంది.

కంట్రోలర్ ‘ఓకే’ అని కాస్త ఆగి, నేను పిలిచేదాకా ఉండండి అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో పాన్ యామ్ మేమింకా రన్‌వే మీదే ఉన్నామంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు గొంతులు పడేసరికి డచ్ కాక్‌పిట్‌లో కీచుమన్న శబ్దం వచ్చింది. స్పష్టంగా వినబడింది ‘ఓకే’ ఒక్కటే. ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానమొచ్చి పాన్ యామ్ రన్‌వే దిగిందా అని అడిగాడు కూడా. దిగిందన్నట్టు కెప్టెన్ గట్టిగా బదులిచ్చాడు. 583 మంది చనిపోయారు. పాన్ యామ్‌లోని 61 మంది బతికారు. విమాన ప్రమాదాల్లో ఇంతమందిని బలిగొన్నది మరొకటి లేదు.

నేరమంతా మాట మీదికి నెట్టడం న్యాయం కాదు. మంచు ఉంది, కెప్టెన్ తొందర ఉంది, రేడియోలో కలిసిపోయిన గొంతులు ఉన్నాయి. కానీ ఆ తర్వాత కట్టడి చేసింది మాటను కూడా. లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప టేకాఫ్ అనకూడదు. మిగతా చోట్ల డిపార్చర్ అనాలి. శంషాబాద్‌లోనైనా గన్నవరంలోనైనా పైలట్ ‘రెడీ ఫర్ డిపార్చర్’ అనే అంటాడు. ఇళ్లలో బరువనిపించే పుస్తకాల మాటే ఇక్కడ ప్రాణాలకు కాపలా. రన్‌వే మీదికొచ్చి ఆగమనడానికి వాడేది ‘లైనప్ అండ్ వెయిట్’. అది కూడా ఫ్రేజల్ వెర్బే! అమెరికన్లు చాలాకాలం వేరే మాట వాడి 2010లో దీనికే మారారు.

మాటలు కట్టడి చేస్తే సరిపోలేదు. 1996 నవంబర్ 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ, కజక్ విమానాలు గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ సిబ్బంది ఇంగ్లిష్ అంతంతమాత్రమేనని అప్పుడు తేలింది. అంతర్జాతీయ విమాన సర్వీసుల పైలట్లకు, కంట్రోలర్లకు భాషా పరీక్ష పెట్టాలన్న ఆలోచనకు ఆ ప్రమాదం ఊపిరి పోసింది. నిబంధన 2008 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు స్థాయుల్లో కనీసం నాలుగోది రావాలి. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధార, గ్రహింపు, సంభాషణ అని ఆరు అంశాలు చూస్తారు. అయిదింటిలో ఎంత బాగా వచ్చినా సరే, ఆరోదాంట్లో తగ్గితే ఆ తక్కువ స్థాయినే వేస్తారు.