లేజర్ బిందు సమూహం నుండి మురుగు కాలువ నక్షా వరకు: గోదావరి డెల్టాలో పాటించవలసిన జాగ్రత్తలు

ధవళేశ్వరం వద్ద 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టాకు సాగునీటిని అందించింది. ఆ నీరు చేలకు చేరడానికైనా, అధిక వర్షపు నీరు చేలను వీడి సముద్రంలో కలవడానికైనా నేల వాలే ఆధారం. డెల్టా దిగువ భాగంలో ఈ వాలు మిక్కిలి స్వల్పం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం పాటించినప్పుడు వారు పేర్కొన్న కారణాలలో మురుగునీటి సమస్య కూడా ఉన్నది. మార్టేరు రకమైన స్వర్ణకు ముంపును తట్టుకొనే జన్యువును చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్‌1 సుమారు రెండు వారాల మునకను ఓర్చుకొనగలదు. అంతకు మించి నీరు నిలిచే చేలకు మురుగు కాలువ సరిగా పారడమే శరణ్యం. కాలువ పారుదల దాని నక్షాలో చూపిన ఎత్తుల కచ్చితత్వంపై ఆధారపడుతుంది. ఈ ఎత్తులను నేడు లేజర్ స్కాన్ ద్వారా సేకరించి క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో నక్షాగా మలచే వీలున్నది.

బిందు సమూహం అనగానేమి?

లేజర్ స్కానర్ కాంతి స్పందనను పంపి, అది వస్తువును తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. కాంతి రాకపోకలలో ఒక నానోసెకను తేడా దూరంలో సుమారు 15 సెంటీమీటర్లకు సమానం. ఇట్లు కొలిచిన ప్రతి బిందువుకు తూర్పు, ఉత్తరం, ఎత్తు అనే మూడు విలువలు లభిస్తాయి. ఇట్టి కోట్లాది బిందువుల రాశినే పాయింట్ క్లౌడ్ లేక బిందు సమూహం అంటారు. చదరపు మీటరుకు 8 బిందువుల చొప్పున సేకరించినచో ఒక చదరపు కిలోమీటరుకు 80 లక్షల బిందువులు వస్తాయి.

కొబ్బరి తోటల మధ్యగా సాగే కాలువలకు ఈ పద్ధతి ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. డ్రోన్ ఛాయాచిత్రంలో కొబ్బరి మట్టల కింది నేల కనిపించదు. లేజర్ స్పందనలలో కొన్ని మాత్రం మట్టల సందుల గుండా నేలను తాకి తిరిగి వస్తాయి.

క్యాడ్‌లో వినియోగించే క్రమం

సాధారణంగా ఈ దత్తాంశం లాస్ అనే ఫైలు రూపంలో అందుతుంది. ఆటోక్యాడ్‌లో వాడుటకు ముందుగా రీక్యాప్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా దానిని ఆర్‌సీఎస్ లేక ఆర్‌సీపీ రూపానికి మార్చి, ఆ తరువాత నక్షాకు జతపరచవలెను. గోదావరి డెల్టా యూటీఎం 44వ ఉత్తర మండలంలో ఉన్నందున, నక్షాను, బిందు సమూహాన్ని ఆ నిర్దేశాంకాలలోనే ఉంచుట మేలు.

జతపరచిన బిందువులు ఆధారం మాత్రమే. అవి గీతలు కావు. కాలువకు అడ్డంగా పలుచని ముక్కను వేరుచేసి చూచినచో గట్టు పైఅంచు, వాలు, అడుగు విడివిడిగా కనిపిస్తాయి. వాటిని అనుసరించి గీతలు గీయవలెను. సివిల్ త్రీడీ వంటి సాఫ్ట్‌వేర్‌లో నేల బిందువులను త్రిభుజాలతో కలిపి ఉపరితలాన్ని నిర్మించి, దాని నుండి లాంగ్ సెక్షన్, క్రాస్ సెక్షన్‌లను పొందవచ్చును. ఈ దశలో గట్టు అంచులను బ్రేక్‌లైన్లుగా ఇవ్వనిచో త్రిభుజాలు గట్టుకు ఇరువైపులా ఉన్న చేలను నేరుగా కలిపివేస్తాయి. సన్నని గట్టు నక్షాలో అదృశ్యమవుతుంది.

ఎత్తులు తప్పే సందర్భాలు

మొదటిది, నేల కాని దానిని నేలగా స్వీకరించడం. లాస్ ఫైలులో నేల బిందువులకు 2వ వర్గ సంఖ్య కేటాయించబడినది. కాని ఎదిగిన వరి పైరును, కాలువను కప్పిన గుర్రపు డెక్కను వడపోత ప్రక్రియ నేలగా భ్రమించే అవకాశమున్నది. కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల వాలుతో 5 కిలోమీటర్లు సాగే కాలువను ఉదాహరణగా తీసుకొన్నచో, మొత్తం పతనం 50 సెంటీమీటర్లే. దిగువ చివర గుర్రపు డెక్క పైభాగం 60 సెంటీమీటర్ల ఎత్తున అడుగుగా నమోదైనచో, నక్షాలో కాలువ వెనుకకు వాలినట్లు కనిపిస్తుంది.

రెండవది, నీటి అడుగు. సర్వేలో సాధారణంగా వాడే సమీప పరారుణ లేజర్ కిరణాలను నీరు శోషిస్తుంది. ఆకుపచ్చ లేజర్ తేట నీటిలోనికి చొచ్చుకొనిపోగలిగినా, బురద నీటిలో దాని శక్తి క్షీణిస్తుంది. కావున నీరున్న చోట అడుగు ఎత్తును స్టాఫ్‌తో గాని, పడవపై ఎకో సౌండర్‌తో గాని కొలవవలెను. లేనిచో ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ త్రిభుజాలతో పూరించి, అడుగు ఉన్నట్లే చూపుతుంది.

మూడవది, ఎత్తుకు ఆధార తలం. ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరం ఇచ్చే ఎత్తు గణిత దీర్ఘవృత్తజం నుండి కొలిచినది; కాలువ రికార్డులలోని ఎత్తు సగటు సముద్ర మట్టం నుండి కొలిచినది. ఆంధ్ర కోస్తాలో ఈ రెండింటి మధ్య తేడా పదుల మీటర్లు. అంతటి తేడా వెంటనే కంటపడుతుంది. దానిని సవరించిన పిదప మిగిలే కొద్ది సెంటీమీటర్ల దోషమే కనబడక హాని చేస్తుంది. కావున సముద్ర మట్టానికి అనుసంధించిన బెంచ్ మార్కు నుండి లెవెల్ యంత్రంతో కాలువ పొడవునా తనిఖీ బిందువులను కొలిచి, వాటిని స్కాన్ ఎత్తులతో పోల్చవలెను.

అనువైన కాలం

దాళ్వా కోతలు ముగిసి, వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులు స్కానింగుకు అత్యంత అనుకూలం. అప్పుడు చేలలో పైరు ఉండదు. పంట కాలువలలో నీరు తగ్గుతుంది. మురుగు కాలువలలో మాత్రం అప్పటికీ గుర్రపు డెక్క మిగిలి ఉండవచ్చును గనుక ముందుగా దానిని తొలగించుట అవసరం. సముద్ర తీర సమీపంలోని మురుగు కాలువలలో పోటు, పాటు వేళలను కూడా నమోదు చేయవలెను.

ముగింపు

క్యాడ్ గీత సరైన బిందువుపైనా, తప్పు బిందువుపైనా ఒకే స్పష్టతతో గీయబడుతుంది. అందువలన మురుగు కాలువ నక్షా చేతికి అందినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త నాలుగు అంశాలను విచారించవలెను: స్కాన్ జరిగిన తేదీ, నేల బిందువులను వేరుచేసిన విధానం, నీటి అడుగును కొలిచిన సాధనం, తనిఖీ బిందువుల వద్ద వచ్చిన తేడా. ఆ తేడా కాలువ మొత్తం పతనంతో పోల్చదగినంత ఉన్నచో, తవ్వకం ఆరంభించుటకు ముందే లెవెలింగు తిరిగి జరిపించుట శ్రేయస్కరం. ఏటా ఏ చేలో నీరు ముందుగా నిలుచునో, ఏ వైపు నుండి ఆలస్యంగా తీయునో ఆ ఆయకట్టు రైతులకు తెలియును. వారి సమక్షంలో నక్షాను క్షేత్రంపై సరిచూచుట కూడా ఈ తనిఖీలో భాగం కావలెను.